నాలుగో నంబరు బస్సు

"దానికేటి పనుంది, పొద్దల్లా ఇంట్లోనే కదా ఉంటాది" అన్నారు మా ఆయన. వరండాలో కూర్చున్న రాజగోపాల్ గారు "చెల్లెమ్మకి మళ్ళీ శ్రమెందుకు, ఇందాకే కదా టీ తాగేం" అన్నందుకు ఆయనిచ్చిన జవాబు అది. నేను వంటింట్లో నేల మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. లేచి చేతులు కడుక్కుని, ఆ పూటకి మూడోసారి టీ గిన్నె పొయ్యి మీద పెట్టాను.

నిజం చెప్పాలంటే నాకు కోపం రాలేదు. మా ఆయన గురునాథరావు గారు చెడ్డ మనిషి కాదు. ఉక్కు ప్లాంటులో ముప్పై ఆరేళ్ళు షిఫ్టులు చేశారు. ఫస్టు షిఫ్టయితే తెల్లవారకుండా, నైటయితే రాత్రి భోజనమయ్యాక, టిఫిన్ డబ్బా పట్టుకుని సైకిలు మీద, తర్వాత స్కూటరు మీద వెళ్ళి వచ్చారు. ఆయన డ్యూటీలో ఉన్న ఎనిమిది గంటలూ ఇల్లు నాది. రేడియో పెట్టుకున్నా, కాసేపు కాళ్ళు చాపుకుని కూర్చున్నా అడిగేవాళ్ళు లేరు. రెండేళ్ళ కిందట ఆయన రిటైరై, ఉన్న క్వార్టరు వదిలేసి రిసాలీ దాటాక ఈ కాలనీలో ఇల్లు కొన్నాక, ఆ ఎనిమిది గంటలూ నా డ్యూటీలో కలిశాయి. కాలనీ నిండా రిటైరైన వాళ్ళే. పొద్దున నడక, తర్వాత ఎవరో ఒకరి వరండాలో పేపరు, టీ, బీపీ మాత్రల ముచ్చట్లు. ఎక్కువగా మా వరండాలోనే, ఎందుకంటే మా ఇంట్లో టీ బాగుంటుందట. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా ఇంకో నాలుగు కప్పులు కడగాల్సి వచ్చేది.

టీ ఇచ్చి వచ్చి మళ్ళీ బఠాణీల ముందు కూర్చున్నాను. కింద పరిచిన హిందీ పేపరు మీంచి తొక్కలు పక్కకి తోస్తుంటే ఒక ప్రకటన కనిపించింది. కొత్త సెషనుకి ఫలానా స్కూల్లో టీచర్లు కావాలని పెద్ద అక్షరాలు. వాటి కింద, చిన్న అక్షరాల్లో, టీచింగ్ కాని ఉద్యోగాలు. ఆఫీస్ అసిస్టెంటు, లైబ్రరీలో సహాయకురాలు, బస్సులో పిల్లల్ని చూసుకునే మహిళ. వయసు యాభై అయిదు దాటకూడదు. నాకు యాభై మూడు. బొబ్బిలిలో డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా పెళ్ళి చేసి, హిందీ మాట్లాడే ఈ ఊళ్ళో, ప్లాంటు కూలీల పేట ఖుర్సీపార్‌కి పంపించారు. ఆ తర్వాత నా వయసుని ఎవరైనా దేనికైనా సరిపోతుందని అనడం అదే మొదటిసారి.

పేపరు ఆ ముక్క వరకూ చింపి, మడిచి, బియ్యం డబ్బా కింద పెట్టాను.

పక్కింటి భాగ్యరేఖకి చూపించాను. వాళ్ళాయన సత్యప్రసాద్‌కి ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. తనకి స్కూటీ ఉంది. చదివి, కళ్ళజోడు తీసి, "వదినా, ఇదొక్కటే కాదు, ఈ చుట్టుపక్కలున్న స్కూళ్ళన్నీ తిరుగుదాం. మా ఆయన రిటైరై ఇంటికొచ్చీలోగా నేను కూడా ఏదో ఒకటి చూసుకోవాలి. నీకు దొరికితే నాకు ధైర్యం" అంది.

మర్నాడు వంట పెందలాడే ముగించి, సర్టిఫికెట్ల సంచితో స్కూటీ వెనక కూర్చున్నాను. మొదట మా కాలనీ చివరున్న స్కూలుకి వెళ్ళాం. రిసెప్షన్లో అమ్మాయి తల ఎత్తి నా నెరిసిన జుట్టు చూసి, "దాదీజీ, అడ్మిషన్ మనవడికా, మనవరాలికా?" అని హిందీలో అడిగింది.

"నాకేనమ్మా" అన్నాను.

భాగ్యరేఖ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ అమ్మాయి కూడా నవ్వి, లోపలికి తీసుకెళ్ళింది. హెడ్ క్లర్కు పెద్దమనిషి. కుర్చీ చూపించి, ఉన్నమాట చెప్పేశాడు. "ఆంటీజీ, ఈ ఏరియాలో అందరూ రిటైరైన వాళ్ళే. పిల్లలెక్కడున్నారు? ఎల్‌కేజీలో తొమ్మిదిమంది. మీకు ఉద్యోగం కాదు, మాకు పిల్లలు కావాలి." మాకు మంచినీళ్ళిచ్చి, ఎండలో జాగ్రత్తగా వెళ్ళమన్నాడు.

రెండో స్కూల్లో ఒక కుర్రమేనేజరు ఎక్సెల్ వచ్చా అని అడిగి, కంప్యూటరు ముందు కూర్చోబెట్టి పేరు టైపు చెయ్యమన్నాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ సూర్యావతిలో సగం దాకా వచ్చేసరికి తెర దానంతట అదే ఆరిపోయింది. "విసుగొచ్చి పడుకున్నట్టుంది పాపం" అన్నాను. అతను నవ్వాడు గానీ ఉద్యోగం ఇవ్వలేదు.

మూడోది పేపర్లో చూసిన స్కూలే. ఇక్కడ పిల్లలు తగ్గిపోయారని వీళ్ళు ఏడ్చుకుంటూ కూర్చోలేదు. పిల్లలున్న చోటికే బస్సులు పంపుతున్నారు. ఖుర్సీపార్, పవర్ హౌస్, క్యాంప్ వన్ పేటల నుంచి పిల్లల్ని తెచ్చి, బడి అయ్యాక దింపి వస్తారు. అందుకని బస్సు బస్సుకీ ఒక ఆడమనిషి కావాలి. ఆఫీసులో రజనీకుమారి అనే మన తెలుగమ్మాయి కూర్చుని ఉంది. పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి ముప్పాతిక హిందీ, పాతిక తెలుగు. "ఆంటీ, ఫారం భర్ దీజియే. సెలెక్టయితే ఫోన్ చేస్తాం" అంది.

ఫారం నింపాను. ఫోన్ నంబరు దగ్గరికొచ్చేసరికి చెయ్యి దానంతట అదే మా ఆయన నంబరు రాసేసింది. గ్యాసు బుకింగుకి, పిల్లాడి స్కూలుకి, బ్యాంకుకి, ఇన్నేళ్ళూ అన్నిచోట్లా ఆ నంబరే. నా నంబరు నాకే సరిగ్గా గుర్తులేదు.

సాయంత్రం ఆయనకి చెప్పాను. ఆయన నవ్వారు. కోప్పడతారనుకుని సిద్ధపడి ఉన్నాను, ఆ నవ్వుకి ఏం చెయ్యాలో తెలీలేదు. "యాభై మూడేళ్ళొచ్చేక నీకెవడిస్తాడే ఉద్యోగం. పోన్లే, సరదాగా తిరిగొచ్చేవు. మంచినీళ్ళు తాగి కాస్త కూచో" అన్నారు. కాసేపు కూర్చున్నానో లేదో, "ఆకలేస్తంది, చపాతీలు చేసీ" అన్నారు.

పదిరోజులు ఎదురుచూశాను. ఆయన ఫోను మోగినప్పుడల్లా గరిటె పట్టుకున్న చెయ్యి ఆగిపోయేది. రాజగోపాల్ గారు, కేబుల్ వాడు, నాగపూర్ నుంచి మా అబ్బాయి మనోజ్‌కుమార్, అంతే. పోనీ నేనేమైనా కలెక్టరు పదవికి పెట్టుకున్నానా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ రాత్రి పక్క సర్దుతున్నప్పుడు, పొద్దున మోటారు వేసినప్పుడు, ఆ బస్సు మెట్టెక్కుతున్నట్టు ఊహ వచ్చేది. ఎందుకంత ఆశపడ్డానో అప్పుడు నాకు అర్థంకాలేదు. డబ్బు కోసం అనలేను. పెన్షన్ లేని ఇళ్ళల్లో ఉన్నంత ఇబ్బంది మాకు లేదు. పొద్దున్నే లేచి, తల దువ్వుకుని, ఎక్కడికో ఒకచోటికి "వేళవుతోంది, వెళ్ళాలి" అని చెప్పి బయల్దేరడం, నేను రాకపోతే అక్కడ ఎవరో ఒకరు "ఇవాళ ఆవిడ రాలేదేం" అనుకోవడం, బహుశా అది కావాలనిపించింది. ఇంట్లో నేను లేకపోతే అనేది "టీ ఎవరు పెడతారు" అని. రెండింటికీ తేడా ఉంది.

పదకొండో రోజు భాగ్యరేఖ బలవంతం మీద మళ్ళీ స్కూలుకి వెళ్ళాం. రజనీకుమారి నన్ను చూసి కంగారుగా లేచి, "ఆంటీ, మీరెందుకొచ్చారు? నొప్పి తగ్గిందా?" అంది.

"ఏం నొప్పి?"

"మోకాళ్ళు. పోయిన బుధవారం ఫోన్ చేశాను. అంకుల్ ఎత్తారు. తన మోకాళ్ళు పూర్తిగా ఖరాబ్, లేవలేకపోతంది, ఉద్యోగం చెయ్యలేదు అన్నారు. చాలా మర్యాదగా చెప్పారు, ఆంటీ. సారీ కూడా అన్నారు."

పోయిన బుధవారం నాకు గుర్తుంది. ఆ రోజు ఆయన పవర్ హౌస్ మార్కెట్ నుంచి నాకిష్టమని సీతాఫలం ఐస్‌క్రీము తెచ్చారు. ఎన్నడూ లేనిది ఏమిటా అని సంబరపడి తిన్నాను. ఆయన వద్దని అరిచి ఉంటే నేను ఏడ్చేదాన్నో, దెబ్బలాడేదాన్నో, మానుకునేదాన్నో కూడా. కానీ నా కాళ్ళు పనికిరావని, నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్న వేళ కాబోలు, ముక్కూమొహం తెలీని పిల్లకి నెమ్మదిగా, మర్యాదగా చెప్పి ఫోన్ పెట్టేశారు. ఇప్పుడు ఆయన అబద్ధం ఆడారని చెప్తే ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే నా ఉద్యోగం పోతుంది. ముప్పై రెండేళ్ళుగా అలవాటైన చోటే నోరు ఆగింది. భాగ్యరేఖ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మోకాళ్ళు నావి కదమ్మా" అన్నాను. "వాటి సంగతి నన్నడగాలి."

రజనీకుమారి ఒక్కక్షణం నా మొహంలోకి చూసింది. ఇరవై అయిదేళ్ళ పిల్లకి ఏం అర్థమైందో గానీ, ఇంకేమీ అడక్కుండా లోపలికి వెళ్ళి ప్రిన్సిపల్ మేడంని తీసుకొచ్చింది. ఆవిడది బిలాస్‌పూర్. మాట కరుకు, కళ్ళు మంచివి. "బస్సు మెట్టు ఎత్తుగా ఉంటుంది. ఎక్కి చూపిస్తారా?" అంది.

ఆవరణలో నాలుగో నంబరు బస్సు ఆగి ఉంది. డ్రైవర్ సాహూ భయ్యా బీడీ పారేసి నిలబడ్డాడు. నేను కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ఎక్కాను, దిగాను. మళ్ళీ ఎక్కాను, దిగాను. మూడోసారి ఎక్కి, చివరి సీటు దాకా నడిచి వెళ్ళి, కిటికీలోంచి చెయ్యి ఊపాను. ఎందుకలా ఊపానో తెలీదు. భాగ్యరేఖ చప్పట్లు కొట్టింది.

"బస్, బస్, చాలు" అంది మేడం నవ్వుతూ. "ఈ బస్సు ఖుర్సీపార్ సందుల్లోకి వెళ్తుంది. ఆ రూటు ఎవరూ ఒప్పుకోవడం లేదు. మీకు తెలుసా?"

"నేను ఆ సందుల్లోకే కోడలిగా వచ్చాను, మేడం."

ఏప్రిల్ ఒకటి నుంచి రమ్మన్నారు. పొద్దున, మధ్యాహ్నం బస్సు, మధ్యలో లైబ్రరీలో సాయం. బయటికి వెళ్ళేముందు రజనీకుమారి రిజిస్టరు తీసి, మా ఆయన నంబరు కొట్టేసి, నా చేతిలో ఫోన్ తీసుకుని తన నంబరుకి మిస్డ్ కాల్ ఇచ్చుకుని, ఆ నంబరు రాసింది.

ఇంటికొచ్చేసరికి పన్నెండున్నర. ఆయన బల్ల దగ్గర ఖాళీ కంచం ముందు కూర్చుని ఉన్నారు. వంట గిన్నెలన్నీ రెండడుగుల దూరంలోనే ఉన్నాయి. పక్కగదిలో మంచం మీద మా అత్త జోగమ్మ. ఆవిడకి ఎనభై మూడేళ్ళు. చూపు తగ్గింది గానీ చెవులు మాత్రం పాము చెవులే.

నేను వడ్డించలేదు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఏప్రిల్ ఒకటి నుంచి నాకు డ్యూటీ" అన్నాను.

"ఏ డ్యూటీ?"

"స్కూలు బస్సు. మోకాళ్ళు పనిచేస్తున్నాయని వాళ్ళు చూసుకున్నారు."

ఆయన మొహం ఎర్రబడింది. కాసేపు గ్లాసు అటూ ఇటూ జరిపి, "నీ మంచికే చెప్పేనే. నీకు మోకాళ్ళ నొప్పులు నిజం కాదేటి?" అన్నారు.

"నిజమే. రెండేళ్ళ కిందట చెప్పాను కూడా. మెట్లు తక్కువ ఎక్కమన్నారు మీరు. అప్పట్నుంచీ మేడ మీద బట్టలెవరు ఆరేస్తున్నారండీ?"

"అది కాదు. ఆయా పనే అది. ఎవుడో పిల్లల ముక్కులు తుడిచే పని. రేపు రాజగోపాల్ ఏటనుకుంటాడు? మనోజ్ ఏటంటాడు? లైబ్రరీలోనో ఆఫీసులోనో కుర్చీలో కూచునే పని అయితే అదొక లెక్క. నాన్-టీచింగంట, నాన్-టీచింగ్."

"మీరు ముప్పై ఆరేళ్ళూ నాన్-ఎగ్జిక్యూటివేగా. మీరు లేకుండా ఏ ఆఫీసరు ప్లాంటు నడిపేడండీ?"

ఆ మాట ఆయనదే. ఎన్నిసార్లో ఈ బల్ల దగ్గరే అన్నారు. కాదనలేక, "అది వేరు" అన్నారు. తర్వాత గొంతు పెంచారు. "మా ఇంటి ఆడోళ్ళు ఎప్పుడూ గడప దాటి పనికెళ్ళలేదు."

"ఏ ఇంటోళ్ళురా?" అని పక్కగదిలోంచి వినిపించింది.

ఇద్దరం అటు తిరిగాం. అత్త మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది.

"నాను రేజా పని సేసినాను కదరా" అంది.

ఇక్కడ కట్టుబడి పనుల్లో తట్టలు మోసే ఆడకూలీని రేజా అంటారు. ఆ మాట మా అత్త నోట, తన గురించి తను అంటుండగా, నేను మొదటిసారి విన్నాను. మా మామగారు ప్లాంటు కట్టేటప్పుడే వచ్చారనీ, క్యాంప్ వన్‌లో రేకుల గదిలో ఉండేవారనీ విన్నాను గానీ, ఆ కథలో ఈవిడ ఎప్పుడూ పొయ్యి దగ్గరే ఉండేది.

"అమ్మా, ఆ సంగతులిప్పుడెందుకు" అన్నారు ఆయన. అంటే ఆయనకి తెలుసు.

"ఎందుకేటి? సిగ్గా? మీ అయ్య కూలి సాలక నాను కూడా ఎల్లినాను. నిన్ను చీర ఉయ్యాల్లో ఎండలో పడుకోబెట్టి మట్టి మోసినాను. నువ్వేడిస్తే మేస్త్రీ తిట్టీవోడు. ఆడు తిట్టినా తట్ట దించీసి వొచ్చి పాలిచ్చినాను. నువ్వు తరవాత ఏ బట్టీ ముందు నిలబడి జీతం తెచ్చినావో, దాని కింద మట్టి నాను మోసిందేరా."

నాకు ముందు కోపమే వచ్చింది, అత్త మీద. నేను కోడలిగా వచ్చిన కొత్తలో, కుట్టు నేర్చుకోడానికి టౌన్‌షిప్‌లోని సెక్టారు దాకా వెళ్తానంటే "మన ఇళ్ళల్లో ఆడోళ్ళు తిరగరు" అన్నది ఈవిడే. కూర్చున్న చోట కూర్చోనివ్వకుండా పని చెప్పిందీ ఈవిడే. ఆ మాటలన్నీ గుర్తొచ్చాయి. కొడుక్కి ప్లాంటులో ఉద్యోగం వచ్చాక, క్వార్టరు వచ్చాక, ఈవిడ తట్ట దించేసి, దాన్ని మోసినట్టు కూడా ఎవరికీ తెలియకుండా దాచేసి ఉంటుంది. అందరూ కలిసి దాచారు. ముప్పై రెండేళ్ళు ఒకే వంటింట్లో తిరిగాం ఇద్దరం. ఆవిడ మెడ కొద్దిగా ఒక పక్కకి వంగి ఉండడం ముసలితనం వల్లనుకున్నాను. దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"అత్తా, ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం?"

"ఎవులడిగినారే?" అంది.

మా ఆయన, ఓడిపోతున్న వాడి ఆఖరి మాటలా, "ఇదెళ్తే నిన్నెవరు చూస్తారే అమ్మా?" అన్నారు.

"నువ్వున్నావు కదా" అంది అత్త. "బేగి అన్నం ఎట్టు, ఆకలేస్తంది."

ఆ మాట నాతో అందో కొడుకుతో అందో తెలీలేదు. నేను లేవలేదు. ఒక నిమిషం చూసి ఆయనే లేచారు. గిన్నెల మూతలు ఒక్కొక్కటే తీసి చూసి, పప్పు ఏదో, చారు ఏదో కనుక్కున్నారు. తల్లికి పెట్టి, తర్వాత రెండు కంచాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. సారీ అనలేదు. నేనూ అడగలేదు.

ఏప్రిల్ ఒకటిన అయిదుంపావుకి లేచాను. ఇంట్లో అందరి టిఫినూ చేసేసి వెళ్దామని పిండి తీశాను. ఒక నిమిషం ఆలోచించి మళ్ళీ ఫ్రిజ్జులో పెట్టేశాను. ఆకుపచ్చ నేతచీర కట్టుకుని, ఒక కప్పు టీ పెట్టుకుని, నిలబడి కాకుండా కూర్చుని తాగాను. ఆరు దాటాక రోడ్డు మలుపులో సాహూ భయ్యా హారన్ కొట్టాడు. భాగ్యరేఖ నైటీ మీద తువ్వాలు కప్పుకుని గేటు దగ్గర నిలబడి ఉంది, నన్ను సాగనంపడానికి.

ఈ ఊళ్ళో ఇన్నేళ్ళున్నాను. ఎటు వెళ్ళినా చేతిలో ఏదో ఒక సంచి ఉండేది, కూరలదో, మందులదో, ఆస్పత్రిలో ఉన్నవాళ్ళకి పట్టుకెళ్ళే అన్నందో. అందుకని రోడ్డు సరిగ్గా చూసింది లేదు. ఆ పొద్దున ముందుసీట్లో కూర్చుని చూశాను. సెక్టార్ల రోడ్లకి అటూ ఇటూ పెద్ద చెట్లు, ఫస్టు షిఫ్టుకి వెళ్తున్న స్కూటర్లు, దూరంగా పొగగొట్టాలు. నా చేతిలో సంచి లేదు. ముప్పై ఇద్దరు పిల్లల పేర్లున్న కాగితం ఉంది.

ఖుర్సీపార్‌లో బస్సు సందు మొదట్లోనే ఆగిపోయింది. ఎదురుగా టమాటాల బండి. సాహూ భయ్యా హారన్ మీద చెయ్యి వేయబోతే ఆపి, నేను దిగి, "బాబూ, కాస్త పక్కకి తియ్యి, పిల్లలకి లేటవుతంది" అన్నాను. "ఓలమ్మ, మనోళ్ళేనేటి" అని అతను నవ్వుతూ బండి గోడకి ఆనించాడు. అక్కడ ఎక్కాల్సిన వాళ్ళల్లో అమ్ము అనే యూకేజీ పిల్ల ఉంది. నాయనమ్మ కొంగు వదలకుండా ఏడుస్తోంది, అది కూడా హిందీలో.

"ఏటమ్మా, ఏటయ్యింది?" అన్నాను.

ఏడుపు ఠక్కున ఆగింది. నీళ్ళకళ్ళతో నన్ను చూసి, నాయనమ్మ వైపు తిరిగి, "దాదీ, ఈవిడ నీలాగా మాట్లాడుతోంది" అంది. వచ్చి నా పక్కన కూర్చుంది. క్యాంప్ వన్ దాకా నా చిటికెన వేలు వదల్లేదు. ముక్కు నేనే తుడిచాను. నా పరువుకేమీ కాలేదు.

బస్సు దిగాక లైబ్రరీలో కొత్త పుస్తకాలకి నంబర్ల చీటీలు అంటించాను. అంటించే ముందు ఒక్కోదాంట్లో రెండేసి పేజీలు చదివాను కాబట్టి పని ఆలస్యమైంది. లైబ్రరీ టీచరు చూసి, "నెమ్మదిగా చెయ్యండి, తొందరేం లేదు" అంది. తొందరేం లేదనే మాట చెవికి కొత్తగా తగిలి, చీటీ వంకరగా అంటించాను.

మూడున్నరకి ఇంటికొచ్చాను. కాళ్ళు నిజంగానే నొప్పెడుతున్నాయి. పొయ్యి చుట్టూ పాలు పొంగిన మరకలున్నాయి, సగం తుడిచి వదిలేసినవి. అత్త గోడకి ఆనుకుని కూర్చుని, "మీ ఆయన టీ పెట్టినాడే, కషాయంలాగుంది. తాగినాను" అంది. వరండాలో రాజగోపాల్ గారు లేచి నిలబడి, "చెల్లెమ్మా, మా మనవరాలు జూన్‌లో ఇక్కడికే వస్తంది, మీ స్కూల్లో సీటుంటాదేమో కనుక్కో" అన్నారు. మా ఆయన స్నేహితుడి వైపు విచిత్రంగా చూసి, పేపరు మడిచారు.

రాజగోపాల్ గారు వెళ్ళిపోయాక మా ఆయన లోపలికి వచ్చారు. నేను వేడినీళ్ళ బకెట్లో పాదాలు పెట్టుకుని కూర్చున్నాను. గుమ్మం దగ్గర నిలబడి, తల గోక్కుని, ఎదురింటి వాళ్ళకి వినబడకుండా అడుగుతున్నట్టు నెమ్మదిగా అడిగారు.

"ఎన్నాళ్ళు చేద్దావనీ ఈ పని?"

"ఇవాళే కదండీ చేరేను" అన్నాను. "రిటైర్మెంటు సంగతి అప్పుడే అడిగితే ఎలాగ?"